వెలుతురులో మొదటి మగ్గు

ఈ మధ్య మగ్గుల మీద ఫోటోలు ప్రింటు చేసే దుకాణాలు పెట్టుకున్న పిల్లలు, ఎవరో నా నంబరు ఇచ్చారని ఫోన్లు చేస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న. వేడి ఎంత, టైం ఎంత? నూట ఎనభై డిగ్రీలు, మూడు నిమిషాలు అని చెప్పేస్తాను. సంతోషంగా ఫోన్ పెట్టేస్తారు. వారం తిరక్కుండా మళ్ళీ చేస్తారు. జుట్టు నల్లగా రావాల్సింది గోధుమరంగులో వస్తోందట. మొహాలు పాలిపోతున్నాయట. పిడి పక్కన రంగు అంటుకోవడమే లేదట. మిషన్ అమ్మినవాణ్ణి తిడతారు, మగ్గులు అమ్మినవాణ్ణి తిడతారు, చనువున్నవాళ్ళు నన్ను కూడా తిడతారు. నేను పడతాను. అవన్నీ ఒకప్పుడు నేను తిట్టిన తిట్లే.

నేను చెప్పే అంకెలు అబద్ధం కాదు. కానీ మిషన్ మీద కనిపించే అంకె వేరు, లోపల మగ్గుకు తగిలే వేడి వేరు. కొత్త సరుకు కాస్త మందంగా వచ్చిందంటే వేడినంతా అదే తాగేస్తుంది. చలికాలం పొద్దున్నే పెట్టిన మొదటి మగ్గు చల్లగా ఉండి రంగు తీసుకోదు. వానాకాలం బొమ్మ ముద్రించి మగ్గుకు చుట్టే కాగితానికి చెమ్మ పట్టి, అది లోపల ఆవిరై, మొహాల మీద మచ్చలు వేస్తుంది. అన్నిటికన్నా చిక్కేమిటంటే వేడి తక్కువైనా నలుపు గోధుమరంగుకే తిరుగుతుంది, ఎక్కువైనా గోధుమరంగుకే తిరుగుతుంది. అంచులు చూసి పోల్చుకోవాలి. అంచు పదునుగా ఉండి రంగు నీరసంగా ఉంటే ఇంకా ఉడకలేదని. అంచు అలికినట్టుంటే మాడిందని. ఊడదీసిన కాగితం మీద సిరా ఇంకా చిక్కగా మిగిలిందా, కాగితమే ఎర్రగా కాలిందా అన్నది కూడా చూసుకోవాలి. రోజూ అన్నం వండేవాళ్ళకు ఇది పెద్ద విద్యేమీ కాదు.

ఇంతవరకూ మీకు ఎవరైనా చెప్తారు. నేను చెప్పబోయేది ఇవన్నీ సరిచూసిన తర్వాత కూడా రంగు కుదరని ఒక వానాకాలం గురించి. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు. ఇందులో మీ పనికి అక్కరకొచ్చేది కొంచెమే ఉంటుంది.

మా దుకాణం లాల్‌దర్వాజాలో, గుడి దారిలోంచి చీలిన ఒక ఇరుకు సందులో ఉండేది. మొదట్లో అది పెళ్ళికార్డుల దుకాణం. నేను కార్డులు మడిచి కవర్లలో పెట్టేదాన్ని. జనం పెళ్ళిపిలుపులు ఫోన్లలోనే పంపుకోవడం మొదలుపెట్టాక, ఇక కార్డులతో లాభం లేదని మా సేటు ఒక మగ్గుల మిషన్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ సంగతి ఇంట్లో చెబితే మా అత్తగారు బకెట్లో వేసుకునే ప్లాస్టిక్ మగ్గు అనుకుంది. "స్నానం చేసే మగ్గు మీద ఫోటో ఎవలేసుకుంటరే? సిగ్గు లేదా మనుషులకు?" అని నాలుగు రోజులు నవ్వింది. ఆమె నవ్వినా నేను ఆ పనిలోనే ముసలిదాన్నయ్యాను. మిషన్ పిడి నొక్కి నొక్కి కుడి భుజం అరిగిపోతే మానేశాను.

దుకాణంలో ఇంకో మనిషి భాయ్. మేమంతా ఆయన్ను అలాగే పిలిచేవాళ్ళం. ఆయన నన్ను అక్కా అనేవాడు, వయసులో నాకన్నా పెద్దయినా సరే. కార్వాన్ నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. వయసులో ఉన్నప్పుడు ఉర్దూ పెళ్ళికార్డులకు చేత్తో అక్షరాలు రాసేవాడట. కంప్యూటరు వచ్చి చేతిరాతను మింగేస్తే అలిగి కూర్చోకుండా అదే కంప్యూటరు నేర్చుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, మాటలో కొంచెం దర్జా. షుగరు ఉందని చాయ్‌లో చక్కెర వేయనిచ్చేవాడు కాదు. పక్కనే బేకరీ బిస్కెట్లు మాత్రం ఒకటొకటిగా మాయమయ్యేవి. చూసి నేను ఏమన్నా అంటే, "చక్కెర చాయ్‌ల లేదు గదా అక్కా" అనేవాడు.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. పద్ధతి పెట్టింది భాయే. ఆర్డరు ఎంత చిన్నదైనా, ఎంత తొందరదైనా, మొదటి మగ్గు వేసి ఆగాలి. అది చల్లారాక భాయ్ దాన్ని పట్టుకుని వీధి గుమ్మం దాకా పోతాడు. ట్యూబులైటు కింద చూడడు. గుమ్మంలో నిలబడి, వెలుతురులో మెల్లగా ఒక చుట్టు తిప్పుతాడు. బాగుంటే తల ఊపుతాడు. లేకపోతే "అక్కా, జెర పెంచు" అనో, "దించు" అనో అంటాడు. నేను వేడి సరిచేస్తాను, ఆయన ఫైలులో రంగులు సరిచేస్తాడు. ఆయన తల ఊపే దాకా రెండో మగ్గు మిషన్ ఎక్కదు. పెళ్ళివాళ్ళు వచ్చి కుర్చీలో కూర్చుని గొణిగినా సరే. ఈ పద్ధతి వల్లే మా సరుకు వెనక్కి వచ్చేది కాదు. సేటుకు అది తెలుసు. "మిషన్ నాది, గని కన్ను భాయ్‌ది" అని గిరాకీల ముందు చెప్పుకునేవాడు.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు నుంచి భాయ్ ప్రతి మొదటి మగ్గుకూ వంక పెట్టడం మొదలుపెట్టాడు. "పసుపు కొడ్తుంది అక్కా. మాల్ కాలుతుంది. తగ్గించు." తగ్గించాను. మళ్ళీ అదే మాట. టైం తగ్గించాను. రంగులు నీరసపడ్డాయి. ఆయన ఫైలులో ఇంకా కొంచెం నీలం పెంచేవాడు. అప్పుడు తల ఊపేవాడు. ఊపాక ఇంక నాకేం పని? మిగతావన్నీ వేసేసేదాన్ని. నా కంటికి మొహాలు కొంచెం చలిలో తడిసినట్టు అనిపించేవి. అయినా ఆయన అంతటి మనిషి తల ఊపాక నా కన్ను ఏపాటిది అనుకున్నాను.

గిరాకీలు ఊరుకుంటారా? పెళ్ళిరోజు మగ్గు చేయించుకున్న ఒకాయన వచ్చి, "మా ఇంటామెకు చలిజరం తెప్పిచ్చిండ్రు గదా" అని నవ్వి, వెనక్కి ఇచ్చి పోయాడు. నవ్వకుండా ఇచ్చి పోయినవాళ్ళు కూడా ఉన్నారు. సేటు నా వైపు చూశాడు. మిషన్ నడిపేది నేనే గదా మరి.

నేను చేయాల్సినవన్నీ చేశాను. కరెంటు పని చేసేవాణ్ణి పిలిచి, వేడి కొలిచే పరికరంతో లోపల ఎంతుందో చూపించుకున్నాను. తేడా లేదు. బోనాల లైట్లు సందంతా కట్టారు కాబట్టి వోల్టేజీ పడిపోతోందేమోనని స్టెబిలైజరు పెట్టించాను. కాగితాలను వాడేముందు వెచ్చబెట్టి చెమ్మ తీశాను. మగ్గుల పెట్టె మార్చాను, సిరా మార్చాను, రబ్బరు పట్టీ బిగువు సరిచేశాను. ఏది మార్చినా గుమ్మంలోంచి వచ్చే మాట ఒకటే. పసుపు. నాకు మిషన్ మీద ఎంత కసి పుట్టిందంటే, పొద్దున స్విచ్ వేసేటప్పుడు దాని మొహం చూడాలనిపించేది కాదు. ఇంట్లో అన్నం తింటున్నా అదే ఆలోచన. అదే రోజుల్లో భాయ్ స్కూటరు మానేసి బస్సులో రాసాగాడు. ట్రాఫిక్ పెరిగిందన్నాడు. పెరిగిన మాట నిజమే కాబట్టి నేను ఇంకేం అడగలేదు.

అప్పుడు వచ్చింది పాలవాళ్ళ ఆర్డరు.

మా సందుకు రెండు సందుల అవతల బర్రెల కొట్టం ఉన్న ఇల్లు. ఆ ఇంటి పెద్దాయన సైకిలు మీద క్యాన్లు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాలు పోసేవాడు. మా ఇంట్లోనూ పోసేవాడు. ఊపిరితిత్తులు చెడిపోయి పోయాడు. సంవత్సరీకం దగ్గర పడింది. ఆ రోజు భోజనానికి వచ్చినవాళ్ళకు పోయినవాళ్ళ పేరు కొట్టించిన స్టీలు డబ్బా ఇవ్వడం మా వైపు ఉన్నదే. ఆయన తమ్ముడు వచ్చి కొత్త మాట చెప్పాడు.

"స్టీలు డబ్బాలు అందరిస్తరక్కా. మా అన్న పోసిన పాలతోని గీ గల్లీల సగం మంది చాయ్ తాగిండ్రు. చాయ్ మగ్గు ఇస్తె బాగుంటదని మా వదిన అంటుంది."

ఫోటో ఫోన్లో పంపాడు. బర్రె మెడ మీద చెయ్యి వేసి నవ్వుతున్న ఫోటో. బర్రెను తీసెయ్యమన్నాడు. భాయ్ బర్రెను తీసేసి, మనిషిని ఉంచి, మొదటి మగ్గు వేయించి, గుమ్మంలో చూసి, వేడి తగ్గించమని, నీలం పెంచి, మళ్ళీ చూసి తల ఊపాడు. నేను మొత్తం వేసి పెట్టెల్లో సర్దించి పంపాను.

ఆ మరునాడే పొద్దున ఆ ఇంటామె వచ్చింది. వెంట మరిది పెట్టెలు మోసుకొచ్చాడు. అతను గుమ్మంలోంచే లొల్లి మొదలుపెట్టాడు. ఎల్లుండి కార్యం పెట్టుకుని ఇదేం పని అన్నాడు. చుట్టాలకు ఏం మొహం పెట్టుకుని ఇవ్వాలన్నాడు. ఆమె అతన్ని చేత్తో ఆపింది. ఒక మగ్గు తీసి బల్ల మీద పెట్టింది. ఆ మొహం వైపు చూడకుండా, నా వైపు చూస్తూ మాట్లాడింది.

"అక్కా, గిట్ల నేను ఒక్కపారి చూసిన. దవాఖానల, ఆఖరి దినం. పెదవులు గిట్లనే అయినయ్. గోర్లు గిట్లనే అయినయ్. గా మొహం మర్వనీకి యాడాది పట్టింది. మర్శిన అనుకున్న. నిన్న పెట్టె ఇప్పిన."

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. మగ్గు మీద నవ్వుతున్న మనిషే. కానీ పెదవులు నీలం, చెంపలు బూడిదరంగు. ఊపిరి అందక నవ్వుతున్నట్టున్నాడు. అంతకు ముందు అన్ని మగ్గులు పేర్చిన నాకు అది కనపడలేదు. ఆమె చెప్పాక ఇంకేమీ కనపడలేదు.

"మల్ల చేసిస్తం చెల్లె. రేపటికి అందుతయ్," అన్నాడు సేటు. వాళ్ళు పోయాక నా వైపు తిరిగి, "అక్కా, గీ మిషన్ సంగతి ఇయ్యాల తేల్చు. లేకుంటె పాత ఇనుముల కబాడీకి ఏస్త," అన్నాడు.

భాయ్ మొహం కందిపోయింది. "ఫైల్ల గలత్ లేదు సేటు. నేను చూసి పంపిన," అన్నాడు.

"నువ్వు చూసినవ్ భాయ్, నేనెక్కడ కాదన్న? మిషన్‌నే అంటున్న," అన్నాడు సేటు. ఆయనకు భాయ్ కన్ను మీద అనుమానం అన్న ఆలోచనే రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు.

నేను చేసింది ఒకటే. ఇన్నాళ్ళూ మార్చిందంతా వెనక్కి మార్చాను. వేడి, టైం మొదటి రోజుల్లో ఉన్నట్టే పెట్టాను. ఆ తమ్ముడు పంపిన ఫోటోలో బర్రెను తీసేసినా, రంగుల మీద మాత్రం భాయ్ చేయి పడకుండా, ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద తీయమన్నాను. మిషన్ ఒక్కటే తప్పు చేస్తోందా, చూద్దామని. భాయ్‌కి నచ్చలేదు గానీ తీసిచ్చాడు. మగ్గుకు చుట్టి, టేపు వేసి, లోపల పెట్టి పిడి నొక్కాను. గంట మోగాక తీసి, కాగితం ఊడదీసి పక్కన పెట్టాను. వేడి మీద ఎప్పుడూ తీర్పు చెప్పకూడదు, రంగు మోసం చేస్తుంది. చల్లారాక చూశాను. మా ఇంటికి పాలు పోసిన మనిషి. ఎండలో కాగిన చెంపలు, తెల్లటి పళ్ళు, నల్లటి మీసం. ఏ లోపమూ లేదు. ఇన్ని నెలలు నేను తిట్టిపోసిన మిషన్ ఏ పాపమూ ఎరగదు.

సంతోషంగా పట్టుకెళ్ళి భాయ్ చేతిలో పెట్టాను. ఆయన గుమ్మంలోకి పోయాడు. బయట ముసురు పట్టి ఉంది, అయినా చూడడానికి సరిపడా వెలుతురు ఉంది. ఒక చుట్టు తిప్పాడు.

"కాలింది అక్కా. పసుపు కొడ్తుంది. నేను ఎన్ని దినాల సంది మొత్తుకుంటున్న? నువ్వు ఇనవు."

నాకు చిరాకేసింది. తెలుపు ఎలా ఉండాలో పక్కన పెట్టి చూపిద్దామని లోపలికి పోయి, పెట్టెలోంచి ఒక కొత్త మగ్గు తీసుకొచ్చాను. ఏమీ వేయనిది. అడుగున గడ్డిపోచ కూడా అంటుకునే ఉంది. "గిది పక్కన పెట్టి చూడు భాయ్," అన్నాను. ఆయన్ను పరీక్షించాలని నాకు లేదు. ఒట్టు.

రెండు చేతుల్లో రెండూ పట్టుకుని, వెలుతురుకేసి ఎత్తాడు. మొహం వెలిగింది.

"దేఖో. ఇది గూడ కాలింది. రెండు ఒక్క తీర్గనే ఉన్నయ్. ఇప్పుడు సమజైందా?"

గెలిచినవాడిలా నవ్వి, ఆ రెండో మగ్గు మీద బొమ్మ ఎవరిదో చూద్దామని తిప్పాడు. అటువైపు ఉందేమోనని మళ్ళీ తిప్పాడు. పిడి ఆయన వేళ్ళ కింది నుంచి ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఆయన చేయి ఆగింది.

"దాన్ని ఇంకా మిషన్ల పెట్టలే భాయ్," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చేశాక గానీ అదేమిటో నాకు అర్థం కాలేదు.

 ఆయన ఆ ఖాళీ మగ్గును గడప మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. ఇస్త్రీ ప్యాంటుకు తడి అంటుతుందని కూడా చూసుకోలేదు. సందులో ఎవరో గొడుగేసుకుని పోతూ సలాం పెట్టారు. ఆయన తిరిగి పెట్టాడు.

"స్కూటర్ ఎందుకు ఇడ్శిపెట్టిన్నో నువ్వు అడుగలే అక్కా," అన్నాడు. "నయాపూల్ కాడ ఒక ముసలాయన మీదికి పోనిచ్చిన. ఆయన కనపడనే లే. బచ్ గయా, బతికిండు. కండ్లద్దాలు మార్పిస్తే అయిపోతదనుకున్న. మార్పిచ్చిన. కాలే."

"నాకెందుకు చెప్పలే భాయ్?"

"నీకు చెప్తే గీ గుమ్మంల ఎట్ల నిలబడుడు?"

 నలభై ఏళ్ళ నుంచి, మొదట కలం పట్టి, తర్వాత మౌస్ పట్టి, ఆ మనిషి బతికింది కళ్ళతోనే. ఆ దుకాణంలో ఆయనకు వేరే పని ఏముంది? నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవకూడదని లోపలికి పోయి, అక్కర లేకపోయినా మిషన్ తుడిచాను.

కాసేపటికి ఆయనే లేచి వచ్చాడు. "సేటుకు నేనే చెప్త," అన్నాడు. "ముందుగాల ఆమె మగ్గులు తేలని. నువ్వు కబురు పంపు. ఆమెనే రమ్మను."

సాయంత్రానికి ఆమె వచ్చింది. మరిది రాలేదు, ఆమె ఒక్కతే. భాయ్ నేను వేసిన మగ్గును తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఎప్పుడూ మొదటి మగ్గును ఆయన ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

"మీరే గుమ్మంల నిలబడి చూడుండ్రి అమ్మా. ఆయన రంగు మాకన్న మీకే ఎరుక."

ఆమె గుమ్మంలోకి పోయింది. కొంగు అంచుతో మగ్గును తుడిచింది, మురికేమీ లేకపోయినా. చాలాసేపు చూసింది.

"కొంచెం నలుపుండాలె," అంది. "ఎండల తిరిగెటోడు. గీ ఫోన్లు అందర్ని తెల్లగ జేస్తయ్."

భాయ్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఈసారి తెర మీద బొమ్మను చూడలేదు. అంకెలను బట్టి మార్చాడు, నన్ను పక్కన నిలబెట్టుకుని. ఇంకోటి వేశాను. ఆమె చూసి, ఇంకొంచెం అంది. మూడోది చల్లారాక ఆమె చేతికిచ్చాను. గుమ్మంలో నిలబడి చూసింది. మగ్గును రెండు చేతుల్లో పట్టుకుని కుర్చీలో కూర్చుని, కాసేపు మెల్లగా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "బర్రెను ఎందుకు తీసిండ్రు? దాన్ని గూడ ఉంచుండ్రి. నవ్వింది దాన్ని జూసే," అంది.

ఆమె వెళ్ళాక, బర్రెతో సహా మగ్గులన్నీ వేస్తూ ఉంటే భాయ్ నా దగ్గరికి వచ్చాడు.

"ఎట్లున్నడు అక్కా, మనిషి?"

"మంచిగున్నడు భాయ్," అన్నాను.

"గట్ల కాదు. పండ్ల తెలుపు చెప్పు. మీసం కొస చెప్పు."

పళ్ళ తెలుపు చెప్పాను, మీసం కొస చెప్పాను, చెవి పక్కన నీడ చెప్పాను. విని తల ఊపాడు.

సేటుకు మరుసటి రోజు చెప్పాడు. సేటు చెడ్డవాడు కాదు. మొదట నమ్మలేదు, తర్వాత బాధపడ్డాడు, తానే వెంట పోయి కంటి దవాఖానలో చూపించాడు. తప్పులు రెండు బయటపడ్డాయి. కంటి ముందరి పొర ముదిరి రంగు తిరిగింది, అది తీసేయొచ్చు. వెనకాల పరదాను షుగరు తినేసింది, అది బాగుపడదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే. మిషన్‌లో కూడా ఇలాగే ఉంటుంది. ఒక తప్పు దొరికిందని సంబరపడేలోపు దాని వెనక ఇంకోటి కూర్చుని ఉంటుంది. ముందరి పొర తీయించుకున్నాడు. పసుపు పోయింది గానీ, దాని స్థానంలో మంచు వచ్చి కూర్చుందన్నాడు. ఆ మంచు నెలనెలా చిక్కబడింది.

ఫైళ్ళు బయట చేయించి తెప్పించుకోవడం మొదలుపెట్టాడు సేటు. గుమ్మం నాకు అప్పగించాడు. "భాయ్ నీ కుర్సి నీదే. అక్కకు నేర్పియ్," అన్నాడు. మంచి మాటే. ఆ మాట విన్నప్పుడు భాయ్ మొహం చూసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆయన నాకు నేర్పినంత శ్రద్ధగా నా జీవితంలో ఎవరూ ఏదీ నేర్పలేదు. చెంపలు చూడకు, చెంపలు అందరివీ అబద్ధం చెప్తాయి, కంటి తెలుపు చూడు అనేవాడు. ముసలివాళ్ళ జుట్టులో తెలుపు నీలానికి తిరిగిందేమో చూడు. పెళ్ళికూతురి చీర ఎరుపు కాదు, ఆమె బొట్టు ఎరుపు చూడు. నేను మొదటి మగ్గును గుమ్మంలోకి పట్టుకుపోయి చూసి, తిరిగి ఆయన కుర్చీ దగ్గరికి వచ్చేదాన్ని. "ఎట్లుంది?" అనేవాడు. చెప్పేదాన్ని. "కన్ను?" చెప్పేదాన్ని. "అంచు?" చెప్పేదాన్ని. మగ్గును చేతిలోకి తీసుకుని, చూడలేకపోయినా, వేళ్ళతో ఒక చుట్టు తిప్పేవాడు. చివరికి తల ఊపేవాడు. అప్పుడే రెండో మగ్గు మిషన్ ఎక్కేది. తీర్పు ఆయనదే, చూపు మాత్రమే నాది. అలా ఉన్నంతకాలం ఆయన ఇస్త్రీ చొక్కాతో, టైముకు వచ్చేవాడు. గిరాకీలకు ఏమీ తెలిసేది కాదు.

అలా ఎన్ని నెలలు గడిచాయో లెక్క పెట్టలేదు. వానలు పోయి, చలి వచ్చి, ఎండలు ముదిరాయి. పెళ్ళిళ్ళ కాలం. ఒక రోజు ఆర్డరు మీద ఆర్డరు వచ్చి పడింది. నేను మగ్గు తీయడం, చల్లార్చడం, గుమ్మంలో చూడడం, మళ్ళీ వచ్చి పిడి నొక్కడం. ఒక మొహం చూడగానే వేడి కొంచెం ఎక్కువైందని తెలిసిపోయింది. దించాను. ఇంకోదానికి పెంచాను. చెమట తుడుచుకోవడానికి కూడా తీరిక లేదు. మధ్యాహ్నం సేటు కూడా వచ్చి పెట్టెలు సర్దాడు.

పొద్దు వాలాక పని సద్దుమణిగింది. భాయ్ కుర్చీలోంచి లేచాడు. టిఫిన్ డబ్బా తడిమి తీసుకుని సంచీలో పెట్టుకున్నాడు. నా మిషన్ దగ్గర ఆగాడు. పొద్దుటి నుంచి ఆ కుర్చీలోంచి ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదని నాకు అప్పుడు స్ఫురించింది.

"ఇయ్యాల నువ్వు నన్ను ఒక్కపారి గూడ అడుగలే అక్కా," అన్నాడు.

 "పని తొందరల భాయ్..." అని ఏదో అనబోయాను.

"నై, నై. మంచిగైంది," అన్నాడు. మాటలో పాత దర్జా అలాగే ఉంది. "గీ దినం కోసమే నేను గీడ కూసున్న. ఫికర్ జెయ్యకు."

గుమ్మం దాకా గోడను తాకుతూ పోయాడు. గడప దగ్గర కాసేపు ఆగి, కాలితో మెట్టు వెతుక్కుని దిగాడు. బస్సు దాకా వస్తానంటే వద్దన్నాడు.

మరునాడు ఆయన రాలేదు. సాయంత్రం దాకా చూసి, ఫోన్ చేద్దామని తీశాను. ఏదో ఒక మగ్గు గురించి అడిగితే వస్తాడేమోనని ఆ రోజు వేసినవన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా గుమ్మంలోకి పట్టుకెళ్ళి చూశాను. అడగడానికి నాకు ఒక్కదాని మీద కూడా అనుమానం రాలేదు.